నా కుర్చీకి నేనే పనికిరాని రోజు

ఈ సంగతి రాసి పెట్టక తప్పడం లేదు. ఆర్మూరులో దీన్ని ఇప్పటికే మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. హమాలీలు చెప్పే కథలో, ఉద్యోగం కోసం వచ్చిన ఒక యువకుడిని నేను ఛందస్సు అడిగి స్పృహ తప్పేలా చేశాను. మామిడిపల్లి చౌరస్తాలో టీ కొట్టు దగ్గర చెప్పే కథలో, అతను ఒక్క తుమ్ముతో నలభై బస్తాల పసుపును గాలిలో కలిపాడు. మా ఇంట్లో చెప్పే కథ ఇంకా ఘోరం. అందులో నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

మూడూ అబద్ధాలే. నేను అడిగింది ఛందస్సు కాదు, సమాసం. తుమ్మింది ఒక్కసారి కాదు, పదకొండు సార్లు. నన్నెవరూ తీసెయ్యలేదు, శాలువా కప్పి పంపించారు. కాకపోతే దానికి రెండు నెలల ముందు, ఒక సోమవారం మధ్యాహ్నం, ముప్పై నాలుగేళ్లుగా కూర్చున్న కుర్చీకి నేను పనికిరానని నా చేతిరాతతోనే రుజువైంది. అది మాత్రం నిజం.

రాయడానికి ఇంకో కారణం ఉంది. మొన్న గ్రంథాలయంలో నా ఎదురుగా కూర్చున్న ఒక అమ్మాయి ఉద్యోగ ప్రకటన ఒకటి చదివి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఏమ్మా అన్నాను. "ఐదు అడిగిన్రు తాతా. నాకు నాలుగే ఉన్నయ్" అంది. కాగితం తీసి చూపించింది. ఆమెకు లేని ఐదోది "ఉన్నచో ప్రాధాన్యత ఇవ్వబడును" అన్న వరుసలో ఉంది. అది లేకపోయినా దరఖాస్తు పెట్టవచ్చు, పెట్టమన్నాను. "ఎట్ల పెడ్తరు?" అని అడిగింది. అది వివరంగా చెప్పాలంటే ఈ కథంతా చెప్పాలి. మా తలమీద "నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు ఉంది. అందుకే ఆ అమ్మాయి కోసం, ఆమెలాంటి పిల్లలందరి కోసం, ఇది కాగితం మీద పెడుతున్నాను.

నేను చదివింది పదో తరగతి. ఇంటర్‌లో చేరాను గాని, అది నాకూ నేను దానికీ నచ్చలేదు. పెర్కిట్ దాటాక ఉన్న ఒక పసుపు మిల్లులో గుమాస్తాగా కుదిరాను. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు మా దగ్గరికి వస్తుంది. దాన్ని కొని, డ్రమ్ముల్లో వేసి మెరుగు పెట్టి, కొంత కొమ్ముగానూ కొంత పొడిగానూ పంపిస్తాం. వచ్చిన సరుకు రాసుకోవడం, నమూనా తీయించడం, రైతుతో మాట్లాడటం, ఉత్తరాలు రాయడం నా పని.

మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. మిల్లు మూసిన సాయంత్రాలు, ఆదివారాలు అక్కడే గడిపాను. విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ చదవాలని పట్టుబట్టాను గాని, మొదటి సంపుటాలు పై అరలో ఉండేవి. నిచ్చెన విరిగి ఉండేది. అందుకని కింది అర నుంచి మొదలుపెట్టాను. దీనివల్ల నాకు వానపాముల గురించి, హిమపాతాల గురించి, క్షయ వ్యాధి గురించి బాగా తెలుసు. అగ్నిపర్వతాల గురించి, ఏనుగుల గురించి అంతంత మాత్రమే. మిల్లులో అందరూ నన్ను "లైబ్రరీ సార్" అనేవారు. వెక్కిరింపుగా అనేవారని మా ఇంటావిడ అంటుంది. నేను పట్టించుకోలేదు.

మా సేటు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. పెద్దసేటు కొడుకు. నిక్కరు వేసుకుని పసుపు రాశుల మీద జారిన రోజుల నుంచి నన్ను "కాకా" అనే పిలుస్తాడు. నేను విరమిస్తానని చెప్పిన రోజు కాసేపు బాధపడి, తర్వాత హుషారయ్యాడు.

"కాకా, నీ జాగల ఎవలనన్న పట్టుకొస్తే నడువదు. బామ్మర్ది కొడుకును పెట్టుమని ఇంట్ల ఒకటే లొల్లి. గా లొల్లి నాకొద్దు. గవర్నమెంటోళ్ల లెక్క నోటిఫికేషన్ ఏద్దాం. మినిమమ్ క్వాలిఫికేషన్, ప్రిఫర్డ్ క్వాలిఫికేషన్ అన్నీ పక్కా ఉండాలె. చివరి తారీకు దాటితే మా నాయిన వచ్చినా తీసుకోవద్దు."

"ఎవరు రాస్తరు సేటు?"

"నువ్వే రాయాలె. గన్ని బుక్కులు సదివినవ్, ఎప్పుడన్న పనికి రావద్దా?"

నా వారసుణ్ని ఎన్నుకునే శాసనం నేనే రాయబోతున్నానన్న మాట. ఆ సాయంత్రం గ్రంథాలయంలో మూడు నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

మీకు ఒకటి చెప్పాలి. ముప్పై నాలుగేళ్లుగా ప్రతిరోజూ నేను చేసిన మొదటి పని, నిజామాబాదు మార్కెట్టు ధరలు మిల్లు గేటు పక్కన నల్లబోర్డు మీద రాయడం. పైన గరిష్టం, కింద కనిష్టం. గరిష్టం అంటే బంగారంలాంటి కొమ్ముకు పలికింది. కనిష్టం అంటే తడిసింది, పుచ్చింది, ఉడుకు సరిగ్గా పట్టనిది, ఎవరూ ముట్టుకోని సరుకుకు పలికింది. "కనిష్టంల పోయింది" అంటే మా దగ్గర రైతు తలవంచుకుని వెళ్లిపోయాడని అర్థం. నా బుర్రలో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. నిఘంటువు చూస్తే అదీ ఇదే అంది: కనిష్ఠము అంటే అన్నింటికన్నా తక్కువది.

కనీస అర్హతలు అంటే అన్నింటికన్నా తక్కువ రకం మనిషి వివరాలు అడుగుతున్నారన్న మాట! మా మిల్లుకు పుచ్చు సరుకు లాంటి గుమాస్తా వస్తే పెద్దసేటు ఆత్మ ఏమవుతుంది? నా పరువేమవుతుంది? అందుకని ఆ కనిష్టాన్ని ఎంత పైకి లేపగలనో అంత పైకి లేపాను. నేను గొప్పగా అనుకున్నవన్నీ అందులో పెట్టాను. నాకు డిగ్రీ లేదు గాని, డిగ్రీ లేకుండానే నేను ఇంతవాణ్నయితే డిగ్రీ ఉన్నవాడు ఎంతవాడవుతాడో అనుకుని అదీ పెట్టాను. పనికి నిజంగా కావలసినవి మిగిలిపోయాయి. వాటిని రెండో జాబితాలో సర్దాను.

చివరికి తయారైన నోటీసు ఇది, అక్షరం పొల్లు పోకుండా:

"లేఖకులు కావలెను. కనీస అర్హతలు: ఏదైనా డిగ్రీ. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో చదవడం, రాయడం. గ్రంథాలయ సభ్యత్వ కార్డు. సొంత నిఘంటువు. వాంఛనీయ అర్హతలు: పదో తరగతి లెక్కలు. పసుపు నాణ్యత గుర్తించగలగడం. రైతులతో ఓపికగా మాట్లాడగలగడం. ఆర్మూరు పరిసరాల్లో నివాసం. శనివారం సాయంత్రం ఐదు గంటల తర్వాత వచ్చిన దరఖాస్తులు స్వీకరించబడవు."

దాన్ని తీసుకుని ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్లాను. ప్రెస్సు నడిపే భాయ్ నాకు పాత స్నేహితుడు. కళ్లజోడు పైకి నెట్టి చదివాడు. మళ్లీ చదివాడు.

"సాబ్, గీ వాంఛ ఏంది?"

"వాంఛ కాదు భాయ్, వాంఛనీయం. అంటే కోరదగినది."

"ఎవరు కోరుతరు? సేటా?" గొంతు తగ్గించాడు. "ఆడోళ్లు గూడ చదువుతరు గద సాబ్. గోడల మీద అంటిస్తరు. కింద నా ప్రెస్సు పేరు ఉంటది. నాకు పెండ్లీడుకొచ్చిన బిడ్డ ఉన్నది."

"అది సంస్కృత పదం భాయ్. ప్రభుత్వమే వాడుతుంది."

"ప్రభుత్వం వాడితే వాడనీ. ప్రభుత్వానికి మామిడిపల్లిల చుట్టాలు లేరు."

పావుగంట వాదించుకున్నాం. చివరికి "ఉంటే మంచిది" అని మార్చడానికి ఒప్పుకున్నాను. భాయ్ అక్షరాలు కూరుస్తూ ఇంకో మాట అన్నాడు: "మినిమమ్ గిట్లుంటే, మ్యాగ్జిమమ్ ఎట్లుంటది సాబ్? గవర్నర్ సాబ్ రావాల్నా?" అది మెచ్చుకోలనుకుని నవ్వాను.

నోటీసులు సోమవారం అంటించారు. ఇక్కడ మీకు ఆపాను పరిచయం చెయ్యాలి. మిల్లులో నమూనాలు తీసి సంచులకు చీటీలు కట్టే ఆవిడ. ఆపా అంటే ఉర్దూలో అక్క; ఆమెకంటే పెద్దవాళ్లూ అలాగే పిలుస్తారు. పదో తరగతి పాసైంది. పదకొండేళ్లుగా పసుపు రోజుల్లో మా దగ్గర, పసుపు రోజులు అయిపోయాక ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఉండేది. జూన్ రాగానే "మళ్ల జనవరిల కలుద్దాం సార్" అని గేటు దాటేది. నా పోస్టు ఏడాది పొడుగునా ఉండేది. అది దొరికితే ఆమె ఇక తంబాకు చేట ముందు కూర్చోనక్కర్లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆమె ఆ పోస్టుకు అడుగుతుందన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. వానపాముల గురించి అంత చదివినవాణ్ని, పక్కనున్న మనిషిని చదవలేకపోయాను.

గురువారం మధ్యాహ్నం ఆమె గేటు దగ్గర నోటీసు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, గీ లైబ్రరీ కార్డు ఎన్నొద్దులకు ఇస్తరు?"

నా ఛాతీ ఉప్పొంగింది. ఇన్నేళ్ల నా సావాసం వృథా పోలేదు, ఆపాకు చదువు మీద ఆసక్తి పుట్టిందనుకున్నాను. ఫారం ఎక్కడ దొరుకుతుందో, జామీను సంతకం ఎవరు పెట్టాలో, ఫోటో ఏ సైజు ఉండాలో, పుస్తకాలు ఎన్ని రోజులు ఉంచుకోవచ్చో అన్నీ చెప్పాను.

"అంత గాదు సార్. కార్డు చేతికి ఎప్పుడొస్తది?"

"ఒక వారం, పది రోజులు పడుతుంది. తొందరేముంది ఆపా? జ్ఞానానికి తొందర పనికిరాదు."

"అచ్ఛా" అని వెళ్లిపోయింది. శనివారానికి ఇంక రెండు రోజులే ఉన్నాయన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆ సాయంత్రం ఇంట్లో గర్వంగా చెప్పుకున్నాను కూడా.

శనివారం ఐదు గంటలకు దరఖాస్తుల పెట్టె తెరిచాం. లోపల ఒకే ఒక్క కవరు, ఒక ఖాళీ గుట్కా పొట్లం ఉన్నాయి. సేటు ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఆనందమే. "సేటు, మన కనీసాన్ని అందుకోవడం అంత తేలిక కాదు. ఒక్కడు అందుకున్నడు చూడు. మనిషి వజ్రం అయి ఉంటడు" అన్నాను.

సోమవారం ఇంటర్వ్యూ. సేటు కొత్త చొక్కా వేసుకున్నాడు. వచ్చే అభ్యర్థికి మర్యాద తక్కువ కాకూడదని అంకాపూర్ నుంచి నాటుకోడి కూర తెప్పించాడు. అభ్యర్థి కంటే ముందు అదే వచ్చింది.

అతను సన్నగా, మర్యాదగా ఉన్నాడు. డిచ్‌పల్లి వైపు ఉండి తెలుగులో పెద్ద చదువు చదివాడు. నాలుగు భాషలు, కార్డు, నిఘంటువు అన్నీ ఉన్నాయి. నిఘంటువును సంచిలో మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాన్ని చూసి నాకు కళ్లు చెమర్చాయి.

"ఏమీ అనుకోకండి సార్" అన్నాడు. "ఎన్నో నోటిఫికేషన్లు చూశాను. అడిగిన మినిమమ్ అన్నీ నా దగ్గర ఉండటం ఇదే మొదటిసారి. అందుకే ఆగలేక పెట్టేశాను."

"చాలా సంతోషం నాయనా. 'పసుపుకొమ్ము' ఏ సమాసం?"

"షష్ఠీ తత్పురుష సమాసం సార్. పసుపు యొక్క... హాఛ్!"

మా ఆఫీసు గది వెనకే మెరుగు పెట్టే డ్రమ్ములు తిరుగుతుంటాయి. గాలి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. మాకు తెలియదు. కొత్తవాళ్లకు ఒకటి రెండు తుమ్ములు మామూలే.

"పసుపు యొక్క కొమ్... హాఛ్!"

"జర నీళ్లు తాగు తమ్మీ" అన్నాడు సేటు.

నీళ్లు తాగాడు. తుమ్మాడు. గ్లాసులో సగం నీళ్లు నా నోటీసు మీద పడ్డాయి. ఏడో తుమ్ము దగ్గర సేటు నా చెవిలో "కాకా, గీయన తత్పురుషుడే గని మన పసుపుకు పగోడు లెక్కున్నడు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. జ్ఞానం ముందు ముక్కు ఎంత?

అంతలో బయట ట్రాక్టరు ఆగింది. వేల్పూర్ రైతు ఒకాయన దిగి కేకేశాడు. "ఓ సేటు! ఎండల నిలవడ్డ, తూకం ఎయ్యుండ్రి!"

నాకు అద్భుతమైన ఆలోచన వచ్చింది. "నాయనా, ప్రాక్టికల్ కూడా అయిపోతుంది. రా, ఆ సరుకు చూసి చెప్పు" అని అతన్ని బయటికి తీసుకెళ్లాను. అతను బస్తా మూతి విప్పి లోపలికి తొంగి చూశాడు. ఎనిమిది, తొమ్మిది, పది.

రైతు రెండడుగులు వెనక్కి వేశాడు. "గీయనకు ఏమైంది సారూ? దవాఖానకు తీస్కపోవద్దా?"

ఎప్పటిలాగే ఎవరూ చెప్పకుండానే ఆపా వచ్చింది. బస్తా లోపలికి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి ఒక కొమ్ము తీసి విరిచింది. మంచిగా ఎండిన కొమ్ము విరిస్తే ఠక్కున మోగుతుంది. ఇది మోగలేదు. ఇంకోటి విరిచింది. అదీ అంతే.

"పటేలా, జర ఇను. పలుకుతుందా?"

"పలుకక ఏమైతది? మస్తు ఎండింది."

"పైకి ఎండింది. కడుపుల నీళ్లున్నయ్. ఇయ్యాల తూకమేస్తే కనిష్టంల పోతవు. కల్లంల ఇంకో నాలుగొద్దులు పరిచి తెస్తే గరిష్టం కాడికి పోతవు. నీ ఇష్టం."

"మిషన్ల పెట్టుండ్రి! మిషన్ల చూపియ్యుండ్రి!" అన్నాడు రైతు.

తేమ కొలిచే మిషన్‌లో పెట్టాం. మిషను ఆపా చెప్పిందే చెప్పింది. రైతు మిషను వైపు, ఆపా వైపు చూసి తల గోక్కున్నాడు. "గిదేందే అక్కా, నువ్వు చెప్పినంకనే గది చెప్తది?" అని నవ్వేసి, ట్రాక్టరు మళ్లించుకుని వెళ్లాడు. తిట్టుకుంటూ కాదు, నాలుగు రోజులకు వస్తానని చెప్పి వెళ్లాడు. మిల్లులో సగం రోజు పట్టే పంచాయితీ ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

సేటు ఆపాను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"ఆపా, గీ పోస్టుకు నువ్వెందుకు పెట్టలే?"

"నాకు మినిమమ్ లేదు సేటు. పెడ్దామనే అనుకున్న. డిగ్రీ లేదాయె. లైబ్రరీ కార్డన్న తీసుకుందామంటే, పదొద్దులు పడ్తదని సారే చెప్పిరి." ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. "రెండో దాంట్లయి నాలుగూ ఉన్నయ్. గని గవి ఉంటే మంచిదన్నరు. మినిమమే లేనిది మంచిదుండి ఏం ఫాయిదా?"

సేటు తడిసిన నోటీసు చేతిలోకి తీసుకుని మొదటి జాబితా చదివాడు. వేలు పెట్టి చదివాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"కాకా, నువ్వు డిగ్రీ ఎప్పుడు పాసైనవ్?"

నేను తేమ మిషను తుడవడం మొదలుపెట్టాను.

"ఇంటర్?"

"మధ్యలో ఆగింది."

"అంటే నీకు గూడ మినిమమ్ లేదు."

"సాంకేతికంగా చూస్తే..."

"ముప్పై నాలుగేండ్ల సంది దొంగ కుర్చీల కూసున్నవా కాకా?"

హమాలీలు నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ల మేస్త్రీ అయితే బస్తా మీద కూలబడి నవ్వాడు. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తుమ్ముతున్న యువకుడు కూడా నవ్వాడు. అదే పదకొండోది, నవ్వూ తుమ్మూ కలిసి వచ్చింది.

అతను ఊపిరి పీల్చుకుని, నాకు నొప్పి కలగకుండా చెప్పాడు. "సార్, నోటీసులో రెండు జాబితాలూ తారుమారయ్యాయి. మినిమమ్ అంటే తక్కువ రకం అని కాదు. ఏది లేకపోతే పని ఒక్కరోజు కూడా జరగదో అది. కనుక అందులో తక్కువ రాయాలి, గట్టిగా రాయాలి. రెండోది, మినిమమ్ ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తే వాళ్లలో ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి. అది లేదని ఎవరినీ గేటు దగ్గరే ఆపకూడదు."

"మరి నీకు మా మినిమమ్ ఉంది గద తమ్మీ?" అన్నాడు సేటు.

"కాగితం మీద ఉంది సార్. నా ముక్కుకు లేదు."

అప్పుడు నాకు వచ్చిన సిగ్గును ఏ నిఘంటువులో వెతకాలో తెలియలేదు. ముప్పై నాలుగేళ్లు నేను చేసిన పని ఏమిటో, అందులో ఏది ముఖ్యమో, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన మనిషి అరగంటలో చెప్పాడు. అదీ తుమ్ముల మధ్య. సేటు మొదటి నోటీసు రద్దు చేశాడు. ఆ కోడికూర తింటూ, అదే బల్ల మీద, ఆ యువకుడే రెండో నోటీసు రాశాడు. నేను సలహాలివ్వబోతే సేటు నా కంచంలో ఇంకో ముక్క వేశాడు.

కొత్త నోటీసులో కనీసం: పదో తరగతి, తెలుగు చదవడం, రాయడం, లెక్కలు. ప్రాధాన్యం: పసుపు నాణ్యత గుర్తించగలగడం, రైతులతో పనిచేసిన అనుభవం. అంతే. ఈసారి పెట్టెలో తొమ్మిది కవర్లు వచ్చాయి. అందులో ఒకటి ఆపాది.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. రెండో ఇంటర్వ్యూలో చివరికి ఇద్దరు మిగిలారు. ఆపా, ముప్కాల్ నుంచి వచ్చిన ఒక బీకాం కుర్రవాడు. అతను కంప్యూటరు మీద వేళ్లు కనపడకుండా టైపు చేశాడు. సేటు మనసు అటు జారింది. బయట బెంచీ మీద ఆపా కూర్చుని ఉంది. సరిగ్గా ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది, పదకొండేళ్లలో ఆమె చేతులకు పసుపు లేకుండా చూడటం నాకు అదే మొదలు.

"కాకా, గీ పొల్లగాడు కంప్యూటర్ మస్తు కొడ్తుండు. డిగ్రీ గూడ ఉన్నది. గీయననే పెడ్దాం."

"నోటీసుల కంప్యూటర్ ఉన్నదా సేటు?"

"లేదు గని..."

"డిగ్రీ ఉన్నదా?"

"మొన్న నువ్వే గద డిగ్రీ అంటివి!"

"మొన్న తప్పు రాసిన. రద్దయింది. సేటు, చీటీ కట్టని బస్తను తూకంల ఏస్తమా?"

సేటు నోటీసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇద్దరికీ మినిమమ్ ఉన్నది. ఇద్దరూ గేటు దాటిన్రు. ఇగ మనం రాసిన రెండు ముక్కలు చూడాలె. రాయంది చూస్తే, కంప్యూటర్ వచ్చి గూడ నోటీసుల లేదని పెట్టకుండ ఊకున్నోళ్లకు మనం ఏం జవాబు చెప్తం? గవర్నమెంటోళ్ల లెక్క అన్నది నువ్వే."

సేటు గదిలో రెండు చుట్లు తిరిగాడు. మూడు సంచుల నుంచి మూడు కొమ్ములు తెప్పించి బల్ల మీద పెట్టాడు. బీకాం కుర్రవాడు మూడింటినీ వాసన చూసి, అన్నీ మంచివే అన్నాడు. ఆపా మూడూ విరిచి, "ఒకటి మంచిగున్నది, ఒకటి ఉడుకు ఎక్కువైంది, మూడోది మనది గాదు సేటు, బజార్ల కొన్నరు" అంది. మూడోది సేటు నిజంగానే కిరాణా కొట్టు నుంచి తెప్పించాడు. అప్పుడే అతని ముఖం చూశాను. ఓడిపోయినవాడి ముఖం కాదు, ఇన్నాళ్లూ జేబులోనే ఉన్న తాళంచెవి కోసం ఇల్లంతా వెతికినవాడి ముఖం.

ఆ సాయంత్రమే ఆపాకు చెప్పాడు. ఆమె ఏడవలేదు, దండం పెట్టలేదు. "జూన్ల గూడ రావాల్నా సేటు?" అని అడిగింది. రావాలన్నాడు. "జులైల?" రావాలన్నాడు. డిసెంబరు దాకా ఒక్కో నెలా అడిగి, ఒక్కోదానికీ జవాబు విన్నాకే లేచింది.

బీకాం కుర్రవాడికి అన్యాయం జరగలేదు. తర్వాత కంప్యూటరు పనికి వేరే నోటీసు వేశారు. అతనే వచ్చాడు. సమాసం చెప్పిన యువకుడు ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఆపా దగ్గర పదిహేను రోజులు కూర్చుని రికార్డులు అప్పజెప్పాను. ఆమె నాకు కొమ్ము విరవడం నేర్పింది. ముప్పై నాలుగేళ్లు పసుపు మధ్య ఉండి, కొమ్ము విని చెప్పడం నాకు రాదన్న సంగతి అంతదాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

కనుక పిల్లలారా, ప్రకటన చేతికొస్తే మొదటి జాబితా జాగ్రత్తగా చదవండి. అది ఉంటే పెట్టండి. రెండో జాబితాలో సగమే ఉన్నా పెట్టండి. మొదటి జాబితాయే విడ్డూరంగా కనిపిస్తే, అది రాసింది నాలాంటివాడేమో, ఒకసారి వెళ్లి అడగండి. అడిగితే పోయేదేమీ లేదు. అడగకపోతే ఏం పోయేదో నేను చూశాను.

ఇక కృతజ్ఞతలు. అసలు పేర్లు రాయొద్దని అందరూ కోరారు గనుక మిల్లులో పిలిచే పేర్లతోనే చెబుతాను. నన్ను నా మానాన తప్పు చెయ్యనిచ్చి, సమయానికి నిలదీసిన సేటుకు. వాంఛను అచ్చు వెయ్యనని మొండికేసి ఊరి ఆడవాళ్ల నుంచి నన్ను కాపాడిన ప్రెస్సు భాయ్‌కి. నవ్వి నా గర్వం దించిన మేస్త్రీకి, హమాలీలకు. నాలుగు రోజుల తర్వాత నిజంగానే తిరిగి వచ్చి, గరిష్టంలో అమ్ముకున్న వేల్పూర్ పటేలుకు. దరఖాస్తులో అసలు పేరు ఉన్నా మేము "తత్పురుషుడు" అనే పిలుచుకుంటున్న ఆ యువకుడికి.

చివరగా ఆపాకు. ఇది రాయడం పూర్తయ్యాక మిల్లుకు తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించాను. తప్పులుంటే చెప్పమన్నాను. అంతా ఓపికగా వింది.

"అంతా మంచిగున్నది సార్. ఒక్కటే ఇడిసిపెట్టిన్రు. గా మొదటి నోటీసుల పని ఏందో మీరు యాడ రాసిన్రు?"

"ఎందుకు రాయలేదు ఆపా? లేఖకులు కావలెను అని పెద్ద అక్షరాలతో..."

"గదే సార్. లేఖకులంటే లేఖలు పంచెటోళ్లు అనుకున్న. పసుపు మిల్లుకు పోస్ట్‌మ్యాన్ ఎందుకబ్బా, గాయనకు డిక్షనరీ ఎందుకబ్బా అని రెండొద్దులు పరేషాన్ అయినంకనే మీ జాగకని ఎరుకైంది. నేనొక్కదాన్నే గాదు. మేస్త్రీ అయితే సైకిల్ గూడ బాగుచేపిచ్చుకున్నడు."